రెండోసారి కడగని కణాలు

శంషాబాద్‌లో విమానాలు దిగే దారి కిందే మా ల్యాబ్. పదేళ్ళుగా అక్కడ నా పని ఒకటే: రోగి రక్తంలోంచి తీసిన కణాలకు రెప్పపాటులో వెయ్యోవంతు సేపు కరెంటు పెట్టడం. ఆ దెబ్బకు కణం పొరలో సన్నని రంధ్రాలు తెరుచుకుంటాయి. క్యాన్సర్‌ను గుర్తుపట్టే జన్యువు వాటిలోంచి లోపలికి పోతుంది, పొర మళ్ళీ మూసుకుంటుంది. ఆ కణాలనే పెంచి రోగికి తిరిగి ఎక్కిస్తారు.

ఆ రోజు వచ్చినవి కాటేదాన్‌లో వెల్డింగ్ చేసే ఒకాయన భార్య కణాలు. ఆసుపత్రి నుంచి మా వ్యాన్ వెనకాలే బండి మీద వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు. ఇక్కడేం పని, పోయి ఆమె దగ్గర ఉండమని కసిరాను. నా నోరు ఎప్పుడూ అంతే. ఆయనేమీ అనుకోలేదు. కరెంటుతోనే బతికే మనిషి కదా, ఎంత పెడతారని అడిగాడు. చెప్పాను.

"జర పైలంగ పెట్టు చెల్లె. ఇగ మల్ల రక్తం తీసేటట్టు లేదట," అన్నాడు.

అది నాకూ తెలుసు. ఆమె కాగితాల మీద రాసే ఉంది.

కరెంటు పెట్టేముందు కణాలను ఉప్పు లేని ద్రవంతో రెండుసార్లు కడగాలి. ఉప్పు మిగిలిందంటే కరెంటు పెట్టే డబ్బీ లోపల నిప్పురవ్వ లేచి కణాలు చచ్చిపోతాయి. కానీ కడిగిన ప్రతిసారీ కొన్ని కణాలు పోతాయి. ఆమెవి ఉన్నవే తక్కువ, అన్నీ ఒక్క డబ్బీలోనే పట్టాయి. ఒక్కసారి కడిగి ఆపేశాను. జాలిపడ్డాను. ఛీ, నా తెలివి తెల్లారినట్టే ఉంది. పక్కనున్న అమ్మాయి ఇంకోసారి కడుగుదామంటే, నీకు తెలుసా నాకు తెలుసా అని నోరు మూయించాను.

మీట నొక్కాను. టప్‌మంది. మైక్రోస్కోప్ కింద ఒక్క కణమూ బతికి లేదు.

ఇంట్లో గ్యాస్ లైటర్ నొక్కితే ఇప్పటికీ అదే చప్పుడు. లైటర్ పారేసి అగ్గిపెట్టె తెచ్చుకున్నాను. అయినా వినిపిస్తుంది.

గేటు దగ్గరికి వెళ్ళి కణాలు పోయాయని చెప్పాను.

"మిషన్ ఖరాబైందా?" అని అడిగాడు.

"అవునన్నా," అన్నాను.

"మిషన్లతోని గట్లనే అయితది. నువ్వు పరేషాన్ గాకు చెల్లె. పొద్దటి సంది ఏం తిన్నట్టు లేవు," అన్నాడు.

తప్పు నాదేనని రిజిస్టర్‌లో రాశాను, పైవాళ్ళకూ చెప్పాను. నెల తిరక్కముందే ఆమె పోయింది. ఆయనకు నిజం చెబుదామని ఒకనాడు కాటేదాన్‌లో ఆయన షాపుకు వెళ్ళాను. నన్ను చూడగానే పని ఆపి, స్టూల్ తుడిచి కూర్చోబెట్టాడు. చాయ్ తెప్పించాడు. షాపులో ఉన్నవాళ్ళకు నన్ను చూపించి, "మా ఇంటామె కోసం ఈ చెల్లె మస్తు కష్టపడ్డది," అన్నాడు.

చాయ్ మొత్తం తాగి వచ్చేశాను.