కంప్యూటర్లో పెట్టిన ఇల్లు

అరకులో అద్దెకు గది కావాలని అడిగితే ఎవరైనా సోని ఇంటికే పంపేవారు. పంపుతూ, "గది బాగుంటాది. మనిషితోనే జాగర్త" అని ఒక మాట చెవిన వేసేవారు.

ఆ మాట సోనికి తెలియకపోలేదు. తెలిసి కూడా తన తీరు మార్చుకోలేదు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు నవ్వితే అద్దెకున్నవాళ్లు నెత్తికెక్కుతారని ఆమె నమ్మకం.

స్టేషన్ దాటి కాఫీ తోటల వైపు ఎక్కే రోడ్డు పక్కన ఆమె తండ్రి సోంబరుకు కొంత మెట్ట ఉండేది. సామలు, వలిసెలు పండించేవాడు. ఆయన పోయాక సోని, ఆమె భర్త మంగ్లు ఆ రోడ్డువారనే మొదటి గది లేపారు. అది తొంభై మూడో, తొంభై నాలుగో. మంగ్లు రైల్వేలో గ్యాంగు పని చేసేవాడు. సెలవు దొరికితే చాలు, మట్టి కలిపి ఇటుక మీద ఇటుక పేర్చేవాడు. అలా ఏడాదికొకటి, రెండేళ్లకొకటి చొప్పున వరసగా అయిదు గదులు, ముందు పొడుగాటి వరండా, వెనక నుయ్యి, స్నానాల గది అయ్యాయి. ఆఖరి గదికి రేకులు ఎక్కించిన ఏడాదే వానాకాలంలో మంగ్లుకి జ్వరం తలకెక్కింది. విశాఖ తీసుకెళ్తుంటే ఘాట్ రోడ్డు మలుపుల్లోనే ప్రాణం పోయింది. పిల్లలు లేరు. అప్పటినుంచి సోనికి ఆ గదులే బతుకు.

ఏనాడూ బోర్డు కట్టలేదు. జూన్ నెలలో బదిలీలు జరిగేటప్పుడు బస్సులు ఆగేచోటికి వెళ్లి నిలబడేది. పరుపుచుట్టతో, కిరసనాయిలు స్టవ్వుతో దిగి ఎటు పోవాలో తెలియక చూసే టీచరునో, బ్యాంకు గుమస్తానో పట్టుకుని, "గది కావాలా?" అని అడిగేది. కావాలంటే ముందు షరతులు చెప్పేది. తాగకూడదు. గోడకు మేకు కొట్టకూడదు. చుట్టాలొస్తే ముందే చెప్పాలి. స్నానాల గది వంతులవారీగా కడగాలి. విని వెనక్కి తిరిగినవాళ్లను పిలిచేది కాదు. ఉన్నవాళ్లు మాత్రం బదిలీ అయ్యేదాకా ఉండేవారు. వెళ్లేటప్పుడు, ఇంత తిట్టించుకుని ఎందుకున్నామో తమకే తెలియదని నవ్వుకునేవారు.

రెండువేల సంవత్సరం దాటాక అరకు రంగు మారింది. చలికాలం వస్తే రైలు నిండా జనం, రోడ్డు నిండా కార్లు. నెల అద్దెకు వచ్చేది రెండు రాత్రుల్లో వస్తుంటే, ఇరుగుపొరుగు గదుల్లోంచి టీచర్లను ఖాళీ చేయించి మంచాలు వేశారు. ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్లు భూమి కొనకూడదు. అందుకని కింద నుంచి వచ్చిన డబ్బున్నవాళ్లు స్థానికుల ఇళ్లు వెతుక్కుంటూ తిరిగేవారు. సోని వాకిట్లోకి కూడా వచ్చారు. ఆమె వాళ్లను వరండా ఎక్కనివ్వలేదు.

రెండువేల ఏడు డిసెంబరులో, ఒక ఆదివారం పొద్దున్న, ఆమె వాకిట్లో కారు ఆగింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు దిగి సామాను దించసాగారు. సోని నుయ్యి దగ్గర్నుంచి వచ్చింది.

"ఎవులు మీరు? ఏటి కావాల?"

"బుక్ చేసుకున్నాం. వేలీ వ్యూ కాటేజీ ఇదేగా?" అన్నాడాయన.

"కాటేజీ గీటేజీ ఏటీ లేదిక్కడ. ఇది నా ఇల్లు."

ఆయన జేబులోంచి కాగితం తీసి చూపించాడు. అందులో రంగుల్లో సోని ఇల్లే. వరండా, రేకులు, తీగ మీద ఆరేసిన ఆమె ఎర్ర దుప్పటి. రోడ్డు మీద ఆ కాగితం చూపించి అడుగుతూ నేరుగా వచ్చేశారట. అడ్వాన్సు కట్టాక అవతలివాళ్లు ఫోను ఎత్తడం లేదట.

"ఎవులికి కట్టినావో ఆళ్లనడుగు" అంది సోని. "గదులన్నీ నిండున్నాయి. నెల అద్దెకే ఇత్తాను. రోజుకి ఇవ్వను."

ఆయన నమ్మలేదు. ఎక్కువ ఇచ్చేవాళ్లకు గది ఇచ్చేసి నాటకమాడుతోందన్నాడు. చివరి గది తలుపు తోశాడు. అందులో ఉండే నర్సు బేబి రాత్రి డ్యూటీ చేసి వచ్చి నిద్రపోతోంది. ఉలిక్కిపడి లేచి కూర్చుంది. సోని వచ్చి ఆయనకూ గుమ్మానికీ మధ్య నిలబడింది. మాట పెరిగింది. చలికి వణుకుతూ పిల్లలు ఏడ్చారు. వాళ్ల తల్లి, "కొండవాళ్లు అమాయకులంటారు, ఇదేనా అమాయకత్వం" అంది. సోని ఒక పెట్టె తీసుకెళ్లి కారు పక్కన పెట్టి వచ్చింది. తర్వాత రెండోది.

కారు పోయాక బేబి అడిగింది. "ఆ ఫొటో ఎవరు తీశారమ్మా?"

సోనికి ఆలోచించాల్సిన పని లేకపోయింది. దీపావళి ముందు తమ్ముడు గాసి కెమెరా పట్టుకుని వచ్చి, "అప్పా, ఇల్లు సూడముచ్చటగున్నాది, ఓ ఫొటో తీత్తాను" అన్నాడు. ఆ రోజు దుప్పటి ఆరేసి ఉంది.

గాసి బొర్రా గుహలకు జీపు తోలేవాడు. సంత దగ్గర టీకొట్టులో దొరికాడు. సోని నలుగురిలోనే అడిగింది.

"నా ఇల్లు ఎవులికి అమ్మినావురా?"

"అమ్మడమేటప్పా. ఫొటో ఇచ్చినాను, అంతే" అన్నాడు గాసి. విశాఖలో దేవీప్రసాద్ అనే ఆయన కంప్యూటర్లో అద్దె ఇళ్ల దుకాణం పెట్టాడు. గాసి ఇక్కడ ఆయనకు ఏజెంటు. "మంచి ఇల్లు ఫొటో పెడితే జనం ఫోన్ సేత్తారు. అది నిండిపోయిందని సెప్పి మా లాడ్జీలో గది ఇత్తాం. లాడ్జీ కూడా నిండిపోతే ఫోనెత్తం, ఆళ్లే నీ కాడికొచ్చీసినారు. నీ గది ఎవులికీ ఇవ్వలేదు. నీకేటి నష్టం?"

"అంటే నా ఇంటిని ఎర ఏసినారా?"

గాసి గ్లాసు కింద పెట్టాడు. అప్పటిదాకా ఉన్న నవ్వు ముఖాన లేదు. "నీ ఇల్లేటి? నాయన మెట్ట అది. రోడ్డువారంతా నువ్వూ మీ ఆయనా కట్టీసుకున్నారు. నాకేటి మిగిల్చినారు? వెనకాల రాళ్లు. ఓ గదిలో ఉండనిచ్చి, తాగినానని నా పెళ్లాం ముందర సామాను బయట పడేసినావు. ఫొటో తీసుకునే పాటి హక్కు లేదేటి నాకు?"

అందులో అబద్ధం లేదని సోనికి తెలుసు. "ఆ ఫొటో తీయించు. నేదంటే నా గుమ్మం తొక్కకు" అని వచ్చేసింది.

గాసి తీయించలేదు. ఆ నెలంతా కార్లు వస్తూనే ఉన్నాయి. కొందరు బతిమాలారు, కొందరు బూతులు తిట్టారు. ఒకాయన వెళ్తూ వెళ్తూ వరండా స్తంభాన్ని తన్ని పోయాడు.

సంక్రాంతి వెళ్లాక బేబి ట్రైనింగుకని విశాఖ వెళ్లి, ఒక నెట్ సెంటర్లో ఆ సైటు తెరిచి చూసింది. తిరిగి వచ్చాక చెప్పడానికి తటపటాయించింది. బేబి సొంతూరు పాచిపెంట. ఆరేళ్లుగా అదే గదిలో ఉంది, సోనితో ఎదురు మాట్లాడగలిగేది ఆమె ఒక్కతే.

"మీ ఇంటి ఫొటో కింద జనం రాశారమ్మా. ఓనరు పేరు సోని, పెద్ద మోసగత్తె, డబ్బు తీసుకుని గెంటేస్తుంది, ఎవరూ వెళ్లకండి అని. ఒకరు కాదు, చాలామంది."

"సదివినోలు ఎవులు?"

"ఎవరైనా చదవొచ్చు. ఎక్కడి నుంచైనా."

సోనిని గయ్యాళి అన్నారు, రాయి అన్నారు. వాటిని ఆమె ఏనాడూ లెక్కచేయలేదు. ఒకరి సొమ్ము తిందన్న మాట మాత్రం ఈ కొండల్లో ఎవరూ అనలేదు. ఇప్పుడు ఆమె ముఖం చూడనివాళ్లు, ఆమె వెళ్లి నిలదీయలేనివాళ్లు, ఎక్కడో కూర్చుని ఆ మాట చదువుతున్నారు. ఆ రోజు ఆమె పొయ్యి వెలిగించలేదు.

వారం తిరక్కుండా బేబిని వెంటబెట్టుకుని పాసింజరు ఎక్కి విశాఖ వెళ్లింది. దేవీప్రసాద్ ఆఫీసు ఒక అపార్టుమెంటులో మూడో అంతస్తు ఫ్లాటు. హాల్లో మూడు కంప్యూటర్లు, మాట్లాడుతూనే ఉన్న ఫోన్లు. ఆయన నలభై ఏళ్ల మనిషి, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు.

"సోనమ్మగారూ, కోపం తెచ్చుకోకండి. మీ ఇంటిని నెలకు ఎన్ని వేలమంది చూస్తున్నారో తెలుసా? ఇంత పబ్లిసిటీ కొనాలంటే మామూలు మాట కాదు."

"నానడిగినానా?"

"అడక్కుండానే ఇచ్చాం." ఆయన ఓపిగ్గా వివరించాడు. సైటులో పైన కనిపించాలంటే ఇంటివాళ్లు నెలనెలా కట్టాలి. బుకింగ్ అయితే కమీషన్. గది కావాలని ఫోన్ చేసినవాళ్ల నంబర్లు లాడ్జీలు కొనుక్కుంటాయి. జనం రావాలంటే ముందు అందమైన ఇల్లు కనిపించాలి.

"ఆ అందానికి నా ఇల్లు, తిట్లకి నా పేరు. పైసలకి నువ్వు" అంది సోని.

"తిట్లు మేం రాయలేదమ్మా, కస్టమర్లు రాశారు. వాటిని తీసేయొచ్చు. ఒక్కటే పని, మాతో అగ్రిమెంట్ చేసుకోండి. గదులు రోజువారీ ఇవ్వండి. మంచి మాటలు రాయించే పూచీ నాది."

బేబికి ఒళ్లు మండింది. "చేసుకోకపోతే?"

"చేసుకోకపోతే మా పార్టనర్ కాని ఇంటికి మేం పని చెయ్యలేం కదండీ." ఆయన ముఖంలో మర్యాద చెక్కుచెదరలేదు.

సోని లేచింది. "నీకు అక్కాసెల్లెళ్లున్నారా బాబూ?"

"ఉన్నారు. ఏం?"

"ఆళ్ల ఫొటో పెట్టుకో. అందం కావాల కదా."

కంప్యూటర్ల ముందున్నవాళ్లు తలలు తిప్పారు. దేవీప్రసాద్ ముఖం ఎర్రబడింది. వాచ్‌మన్‌ను పిలిచి వీళ్లను కిందికి దింపమన్నాడు.

అరకు వచ్చిన మర్నాడే సోని సినిమా బోర్డులు రాసే మనిషిని పిలిపించింది. రోడ్డు వైపు గోడ పొడుగునా, కారులోంచి చదవగలిగేంత పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించింది. దాని కింద అదే మాట, బేబి రాసిచ్చిన ఇంగ్లీషులో: 'కంప్యూటర్లో మీరు చూసిన ఇల్లు ఇదే. ఇక్కడ రోజుకు గది ఇవ్వరు. నేను ఎవరి డబ్బూ తీసుకోలేదు. తీసుకున్నవాడు దేవీప్రసాద్.' ఆ కింద ఆయన ఫోను నంబరు.

బోర్డు కట్టడం నామోషీ అనుకున్న మనిషి ఇల్లంతా బోర్డు చేసింది. వచ్చినవాళ్లు వాకిట్లోంచే ఫోన్ చేసి ఆయన్ని కడిగేసేవారు. గదితో పని లేనివాళ్లు కూడా కారాపి ఫొటోలు తీసుకునేవారు. అవి కూడా కంప్యూటర్లలోకి ఎక్కుతున్నాయని బేబి చెప్పింది.

ఒక మధ్యాహ్నం గాసి సున్నం బకెట్టుతో వచ్చాడు. వచ్చీ రాగానే గోడకు పూయడం మొదలుపెట్టాడు. సోని వెళ్లి అతని చేతిలోంచి కుంచె లాగింది. అతను తోశాడు. ఆమె గోడకు తగిలి, లేచి, బకెట్టు ఎత్తి అతని మీద కుమ్మరించింది. సున్నం కళ్లలో పడి గాసి కేక పెట్టాడు. బేబి పరుగున వచ్చి నూతి దగ్గరికి లాక్కెళ్లి నీళ్లు కొట్టి కొట్టి కడిగింది. కళ్లు దక్కాయి. ఎడమ కన్ను చాన్నాళ్లు ఎర్రగా నీరుకారుతూనే ఉంది. సోని నుయ్యి దగ్గరికి రాలేదు. చెరిగిన అక్షరాలు మర్నాడే మళ్లీ రాయించింది.

వేసవి మొదలయ్యేసరికి దేవీప్రసాద్ ఆ ఇంటి ఫొటో తీసేశాడు. ఫొటో కింద రాసినవీ దానితోనే పోయాయి. కానీ అప్పటికే అవి వేరే సైట్లకు ఎక్కాయని, వాటిని తీయించడం ఎవరి తరమూ కాదని బేబి చెప్పింది. ఏజెంటు పని పోయి గాసి కులపెద్దల దగ్గరికి వెళ్లాడు. తండ్రి భూమిలో తన పాలు కావాలన్నాడు. పెద్దలు ఇద్దరి మాటా విని, రోడ్డువారన ముందరి రెండు గదులు గాసివేనని తేల్చారు. మంగ్లు చేత్తో కట్టిన మొదటి గది అందులో పోయింది. సోని వరండాలో కూర్చుని అంతా విని, "రాయించుకోండి" అంది.

గాసి వరండాకు అడ్డంగా గోడ లేపాడు. తన రెండు గదులకు రంగులు వేసి, ఈసారి హైదరాబాదు వాళ్ల సైటులో పెట్టాడు. ఆ వైపు రోజుకొక కారు, పాటలు, నవ్వులు. ఈ వైపు మూడు గదుల్లో ఒకటి సోనిది, తక్కిన రెంటిలో నెల అద్దెకు ఇద్దరు టీచర్లు, బేబి. ఊళ్లో నెల అద్దెకు మరెక్కడా గది దొరకదు కాబట్టి సోని గదులు ఖాళీ ఉండేవి కావు. అక్కాతమ్ముళ్లు ఎదురుపడితే ఒకరు తలతిప్పుకుని రోడ్డు దాటేవారు. గాసి కూతురి పెళ్లికి ఊరంతా వెళ్లింది. సోని ఆ రోజు తలుపులేసుకుని గదులకు అలుకు పెట్టుకుంది.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో గాసి బోరు మోటారు కాలిపోయి ఆ వైపు గదులకు నీళ్లు ఆగిపోయాయి. అతను టూరిస్టులను తేవడానికి బొర్రా వెళ్లాడు. అతని గదుల్లో దిగిన ఒకావిడ గోడ చుట్టూ తిరిగి ఖాళీ బిందెతో వచ్చింది.

"అమ్మా, కాసిని నీళ్లు తోడుకోనా?"

"మీకు అద్దెకిచ్చినోడినడుగు" అంది సోని.

ఆవిడ ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి వెనక్కి వెళ్లిపోయింది. బేబి గుమ్మంలోంచి చూస్తూ ఉంది.

"ఆవిడేం చేసిందమ్మా? నీళ్లే కదా."

"నీకు జాలేత్తే నువ్వు తోడి ఇయ్యి. నా సేత్తో ఇవ్వను" అని సోని చేద తెచ్చి బేబి ముందు పెట్టి, ఎండలో ఆరిన బట్టలు తీయడానికి వెళ్లింది.