చర్చి వీధి దింపులు

కిటికీలకు కర్టెన్లు వేయించుకోమని మా అమ్మాయి విశాఖపట్నం నుంచి ఫోను చేసినప్పుడల్లా చెబుతోంది. మధ్యాహ్నం అయ్యేసరికి మా ముందుగదిలోకి ఎండ దిగి, గోడమీద ఉన్న మా పెళ్ళిఫొటో దాకా పాకుతోంది. అసలే నలుపూ తెలుపూ ఫొటో, ఇప్పుడు మావారి కోటు బూడిదరంగులోకి వచ్చేసింది, నా మొహమైతే వెతుక్కోవాలి. ఈ ఇంటికి కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి నేను కర్టెన్ అన్న వస్తువు కొని ఎరగను. వీధి పొడుగునా చెట్లుండేవి కనుక ఆ అవసరమే రాలేదు. నా ఈడువాళ్ళెవరైనా ఆ రోజుల్లో అరకు స్టేషనులో దిగి, మంచులో దారి వెతుక్కుంటూ మా చర్చి వీధిలో నడిచి ఉంటే, ఆ నీడ ఎలా ఉండేదో వాళ్ళకు మళ్ళీ చెప్పనక్కర్లేదు.

మా వీధి మా అత్తగారి అత్తగారికంటే కూడా పెద్దది. ఎప్పుడో ఒక తెల్లదొర పాదిరిగారు వచ్చి, కొండవాలున చర్చీ, బడీ, ఆడపిల్లల హాస్టలూ కట్టించి, వాటికి పోయే బాటకు రెండు పక్కలా మొక్కలు నాటించారట. చాలావరకు సిల్వర్ ఓకులు, మధ్యమధ్య నేరేళ్ళు, మా ఇంటి ముందు మాత్రం ఎందుకో ఒక పనస. ఓకుల మీదికి మిరియాల తీగలు అల్లుకునేవి. బడి, చర్చి, పోస్టాఫీసు, రేషను షాపు అన్నీ ఆ బాటలోనే ఉండడంతో, సంతకు తప్ప మాకు వీధి దాటే పనే ఉండేది కాదు. సంతకైనా నడిచే వెళ్ళేవాళ్ళం. శీతాకాలం పొద్దుటిపూట ఎదుటి మనిషి మొహం కనిపించేది కాదు, అడుగుల చప్పుడును బట్టే ఎవరో పోల్చుకుని పలకరించుకునేవాళ్ళం. నేను బడిలో పంతులమ్మను కనుక, నా చెప్పుల చప్పుడు వినబడగానే పిల్లలు చెట్లెనక దాక్కునేవారు, నేనూ చూడనట్టే వెళ్ళిపోయేదాన్ని.

ఒక్కొక్క ఇంటికీ ఎదురుగా ఉన్న చెట్టు ఆ ఇంటిది. కాగితం మీద రాసుకున్నదేమీ కాదు, అలా అనుకోవడమే. ఈ వీధికి కొత్త కోడలు బండి మీద రాకూడదు. బస్సు ఎంత దూరం తీసుకొచ్చినా వీధి మొదట్లో దిగి, ఇంటిదాకా నడవాలి. ఆమె ట్రంకుపెట్టె మోసేవాళ్ళు ప్రతి చెట్టు దగ్గరా దాన్ని దించాలి. ఆ చెట్టు తాలూకు ఇంటివాళ్ళు బయటికి వచ్చి, చెట్టు మొదట్లో చెంబెడు నీళ్ళు పోసి, కోడలి నోట్లో ఏదో ఒకటి పెడతారు. దీన్నే దింపు అంటారు. పాచిపెంట దగ్గర మా ఊళ్ళో ఇలాంటిదేదీ లేదు, అందుకని నా పెళ్ళినాడు ఒక ఇంటివాళ్ళు పెట్టిన రాగి అంబలీ, ఇంకొకరు పెట్టిన బెల్లంముక్కా, మరొకరి ఉడికించిన రాజ్‌మా గింజలూ తింటూ, ఇక చాలని చెప్పడానికి సిగ్గుపడి, మా పనసచెట్టు దగ్గరికి వచ్చేసరికి కక్కుకునే స్థితిలో ఉన్నాను. మా అత్తగారు వెనక నడుస్తూ ఒకటే నవ్వు. ఆ నవ్వుకు అప్పట్లో నాకు ఒళ్ళు మండింది గానీ, ఇంట్లో అడుగుపెట్టే వేళకు వీధిలో నాకు తెలియని గడప లేదు.

వీధిలోంచి చివరిసారి వెళ్ళేవాళ్ళకూ ఇదే మర్యాద. పాడె అయితేనేం, శవపెట్టె అయితేనేం, భుజాల మీదే వెళ్ళాలి, ప్రతి చెట్టు కిందా దించాలి, ఆ ఇంటివాళ్ళు చెప్పులు విడిచి వచ్చి నీళ్ళు పోయాలి. పాస్టరుగార్లకు ఇది అంతగా నచ్చేది కాదు. వచ్చిన కొత్తలో ప్రతివారూ ఒక ఆదివారం దీని మీద ప్రసంగం చేసేవారు, ఆ తరవాత వాళ్ళ ఇంటికెదురుగా ఉన్న నేరేడు దగ్గర వాళ్ళే చెంబుతో నిలబడేవారు. మావారికి దేవుడి విషయంలో పెద్ద పట్టింపులు లేవు గానీ ఈ విషయంలో ఉండేవి. కాఫీ నర్సరీలో పని ముగించుకుని వచ్చాక, సాయంత్రం చర్చి గంట కొట్టిన తరవాత మేమిద్దరం వీధి చివరిదాకా నడిచి వచ్చేవాళ్ళం. అదే మాకు సినిమా, అదే మాకు షికారు. ఆ నడకలోనే ఆయన ఎన్నోసార్లు, నవ్వుతూనే, నన్ను మాత్రం బండెక్కించకే అనేవారు. ఆయన నన్ను కోరిన కోరిక అదొక్కటే.

తరవాత లోయకు వచ్చే జనం పెరిగారు. కొండ మీది వ్యూపాయింటుకు పోయే కార్లు మా వీధిగుండా పోతే దగ్గరని ఎవరో కనిపెట్టారు. బాట వెడల్పు చేస్తామని కొలతలు తీసుకున్నారు, చెట్లకు ఎర్రరంగు పూశారు. మేము వినతిపత్రాలు ఇచ్చాం, వాళ్ళు తీసుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మావారికి ఊపిరి అందక విశాఖపట్నం ఆసుపత్రిలో చేర్చాం. మేమక్కడ ఉండగా ఇక్కడ మిషను రంపాలు వచ్చాయట. ఆ సంగతి నాకు ఎదురింటి వదిన ఫోనులో చెప్పింది. వదినంటే సొంత వదిన కాదు, పెదబయలు వైపు నుంచి వచ్చి, నాకంటే ముందు ఈ వీధిలో కోడలైన మనిషి, మావారిని అన్నయ్య అనేది. ఆయనతో మేమెవరమూ చెప్పలేదు. ఇంటికెళ్ళాక పనసకాయ కోయించాలని ఆయన అంటూనే ఉన్నారు, నేను సరేనంటూనే ఉన్నాను. ఆయన ఇంటికి రాలేదు.

నాకు ఏడుపు రాలేదు. ఆసుపత్రిలో సంతకాలు పెట్టాను, ఎవరో ఇచ్చిన టీ తాగాను, అంబులెన్సులో ముందు సీట్లో కూర్చుని ఘాటురోడ్డు మలుపులన్నీ చూస్తూ వచ్చాను. ఒళ్ళంతా పంటి డాక్టరు సూదేసిన దవడలా ఉంది. మా వీధి మొదట్లో అంబులెన్సు ఆగితే, నేను పొరపాటున వేరే ఊరు తీసుకొచ్చారనుకున్నాను. నున్నటి తారురోడ్డు, రెండు పక్కలా బోసిగా ఇళ్ళు, నడినెత్తిన మే నెల ఎండ. మా ఇల్లు అంత చిన్నదని నాకు అప్పటిదాకా తెలియదు. అయ్యో అనైనా అనిపించలేదు.

అక్కడే పేచీ వచ్చింది. బండిని నేరుగా చర్చి దగ్గరికి పోనిద్దామంది మా అమ్మాయి. దాని మాటలో తప్పేమీ లేదు, ఎండ మండిపోతోంది, వెనక కార్లు నిలిచిపోతున్నాయి, నాకు చూస్తే ఒంట్లో ఓపిక లేదు. అప్పటికే వదిన తన కొడుకుల్నీ ఇంకో నలుగురు మగవాళ్ళనీ వెంటేసుకుని వచ్చి అంబులెన్సుకు అడ్డంగా నిలబడింది.

“ఓలమ్మ, ఏటే గుంటా ఆ మాట! మీ నాన్నని బండి మీద తోలుకుపోతావేటి?”

ఆ గుంటకు, అదే మా అమ్మాయికి, అప్పటికే తల సగం నెరిసింది. “చెట్లు లేవు కదత్తా, ఎక్కడని దించుతారు?” అంది.

“సెట్లు నేకపోతేనేటి? మోసేటోల్ల కాల్లకి తెల్దేటి ఎక్కడాగాలో?”

ఇద్దరూ నా వైపు చూశారు. ఆయన కోరిక నాకొక్కదానికే కదా బాగా తెలుసు, నేనే గట్టిగా చెప్పి ఉండవలసింది. నోరు తెరిస్తే ఏమొస్తుందో నాకు తెలియదు. మా అమ్మాయి నా మొహం చూసి ఏమనుకుందో, డ్రైవరును ఇంజను ఆపేయమంది.

పెట్టె భుజాలకెత్తారు. కొద్దిదూరం నడిచారో లేదో, ఎవరూ ఏమీ అనకుండానే ఆరుగురూ ఒక్కసారి ఆగారు. అక్కడ ఏమీ లేదు, తారు తప్ప. దించారు. పక్కింటి తలుపు తెరుచుకుని ఆ ఇంటి కోడలు చెంబుతో వచ్చి, చెప్పులు విడిచి, నీళ్ళు ఎక్కడ పొయ్యాలో తెలియక ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, రోడ్డు మీదే పోసింది. నీళ్ళు పోసినచోటే ఆవిరైపోయాయి. మళ్ళీ ఎత్తారు, మళ్ళీ నడిచారు, మళ్ళీ ఆగారు. పోస్టాఫీసు ముందు మాత్రం, పాత భవనం కూడా కొట్టేసి ఉండడంతో, కాస్త తగువైంది. ఇక్కడ కాదురా, ఇంకా ఎగువకి అని ఒకరు, ఎగువేటి, ఇక్కడే కదా నేరేడుపళ్ళు తొక్కి నాను జారి పడ్డాను అని ఒకరు. పడ్డవాడి మాటే నెగ్గింది. వెనక కార్లలోవాళ్ళు మొదట హారన్లు కొట్టారు, తరవాత మానేశారు, ఒకాయన దిగి ఫోనులో వీడియో తీసుకున్నాడు. అన్నీ చూస్తూనే ఉన్నాను. ఎవరిదో ఊరేగింపు కిటికీలోంచి చూస్తున్నట్టే ఉంది.

మా ఇంటి ముందు ఆగారు. పనస ఉండేచోట దించారు. ఎవరూ బయటికి రాలేదు. అందరూ మా తలుపు వైపు చూస్తున్నారు, నేనూ చూస్తున్నాను, తాళం వేసి ఉంది. ఆ ఇంటి మనిషిని నేనేనని నాకు తట్టడానికి చాలాసేపు పట్టింది. వదిన తన ఇంట్లోకి పోయి చెంబు తెచ్చి నా చేతిలో పెట్టింది.

“పొయ్యి వదినా, బేగి. అందరికీ కాల్లు కాలిపోతన్నాయి.”

అలవాటుకొద్దీ చెప్పులు విడిచాను. తారు మీద అరికాళ్ళు ఆన్చేసరికి భగ్గుమంది. ఆసుపత్రి నుంచి అప్పటిదాకా నా ఒంటికి తెలిసినది అదొక్కటే. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనిది, ఆ చెట్టు కింద నా కాళ్ళు కాలడమేమిటని ఒక్కసారిగా కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు, మావారి మీద కూడా వచ్చింది. చెట్టుకు పోయవలసిన చెంబెడు నీళ్ళూ నా కాళ్ళ మీదే పోసేసుకున్నాను. ఈ వీధిలో అలా ఎవరూ చేసి ఎరగరు. మా అమ్మాయి గబగబా వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. వదిన మాత్రం చెంబు తీసేసుకుని, సరిపోయింది, ఎత్తండ్రా అంది. ఎత్తారు. ఆయన బండెక్కకుండానే వెళ్ళారు.

ఆ మంట సాయంత్రానికి తగ్గిపోయింది, దాంతో పాటే మిగతాదీ మళ్ళీ మొద్దుబారింది. ఏడుపు ఇవాళ్టికీ రాలేదు. అందరూ అడగడం మానేశారు, నేను ఎదురుచూడడం మానేశాను. మొన్న వేసవిలో వదిన మనవడి పెళ్ళయింది. కోడలు కారులో గుమ్మం ముందే దిగింది, ఎండలో ఆ పిల్లను నడిపించడానికి వదినకే మనసొప్పలేదు. పాలపాకెట్టుకు వెళ్ళినప్పుడు నా కాళ్ళు ఇప్పటికీ ఆ చోట్ల ఆగుతాయి, కార్లవాళ్ళు మోకాళ్ళ నొప్పులనుకుని పక్కనుంచి పోతారు. చెట్లు పోయాక నడక నేర్చిన పిల్లలు రేపు నన్ను మోస్తే, వాళ్ళను ఎక్కడా ఆపేదేమీ ఉండదు. ఏకబిగిన తీసుకుపోతారు. త్వరగా అయిపోతుంది.

పోయిన ఆదివారం మా అమ్మాయి వచ్చింది. వస్తున్నానని చెప్పింది కనుక కిటికీ దగ్గర కూర్చుని చూస్తున్నాను. కర్టెన్ లేదు కనుక వీధి మొదలుదాకా కనిపిస్తుంది. ఆటోవాడు వీధిలోకి రానన్నాడేమో, దిగి, పెద్ద సంచీ పట్టుకుని ఎండలో నడిచి వస్తోంది. కొంత దూరం వచ్చి సంచీ కింద పెట్టింది, చెయ్యి మార్చుకుని మళ్ళీ ఎత్తింది. ఇంకొంత దూరం వచ్చి మళ్ళీ పెట్టింది. మూడోసారి పెట్టేసరికి నేను లేచి నిలబడ్డాను. పోస్టాఫీసు ముందు, ఆ రోజు మగవాళ్ళు తగువు పడిన చోటే పెట్టింది. ఎక్కడ ఆగుతోందో దానికి తెలియదు, ఫోనులో ఎవరితోనో మాట్లాడుకుంటూ వస్తోంది. ఆఖరున మా ఇంటి ముందు, పనస ఉండేచోట సంచీ దించి, నుదురు తుడుచుకుంది.

నేను వంటింట్లోకి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మంలో నిలబడ్డాను. దాహం వేస్తోందని ఎలా తెలిసిందమ్మా అంటూ అందుకుని గడగడా తాగేసింది. సంచీలో ఏమిటంటే, కర్టెన్లంది. లేత ఆకుపచ్చ రంగువి, మంచి బట్టే. అవి బల్ల మీద అలాగే ఉన్నాయి, నేనింకా విప్పలేదు.