సెల్లార్‌లో కారుకు టర్బో

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఏ పనికైనా ముందు ఎక్సెల్ షీట్ తెరవనిదే నాకు తోచదు. డ్రాగ్ రేసులో, అంటే నేరుగా ఉన్న దారిలో రెండు కార్లు పావుమైలు దూరం పోటీపడే ఆటలో, ఒక్కసారైనా దిగాలని పిచ్చి పట్టినప్పుడు కూడా అదే చేశాను. ఇంజన్లు, వాటి బలాలు, ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టి దాని బలం పెంచే టర్బోలు అన్నీ గడుల్లో నింపాను. రెండు నెలలు గడిచాయి. షీట్ అందంగా తయారైంది గానీ, అందులో నేను కొనగలిగిన ఇంజన్ ఒక్కటీ లేదు.

బాచుపల్లిలో షెడ్డు నడిపే మెకానిక్ ఆ షీట్‌ను ఫోన్‌లో కాసేపు అటూ ఇటూ జరిపి చూసి, ఫోన్ నా చేతికిచ్చేశాడు.

“గివన్నీ ఎందుకు సార్? మేడం కారు ఉత్తగనే ఉన్నది గదా. దాని ఇంజన్ గట్టిది. జర జాగ్రత్తగ జేస్తే టర్బోకు ఆగుతది.”

నా భార్య నర్సు. కాకినాడ వైపు నుంచి ఇక్కడికొచ్చి, మొదటి జీతాల్లోంచి కూడబెట్టి కొనుక్కున్న కారు అది. ఏడేళ్లు దాంట్లోనే డ్యూటీకి వెళ్లింది. ఆసుపత్రి వాళ్లు బస్సు పెట్టాక, మణికొండలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ము కొట్టుకుపోతోంది. అమ్మేద్దామని నేను ఎప్పుడు అన్నా మొహం మాడ్చుకునేది. అందుకే అడగడానికి వారం రోజులు మల్లగుల్లాలు పడ్డాను. చివరికి అడిగితే కాదనలేదు. ఒక్కటే షరతు పెట్టింది.

“రేసులో నేనే నడుపుతానండి. పోతే నా చేతిలోనే పోవాలి.”

నడపాలన్న కల నాది. రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. వేరే ఇంజన్ కొనే తాహతు లేదు కనుక సరేనన్నాను.

శని ఆదివారాలన్నీ షెడ్డులోనే గడిచాయి. పాత డీజిల్ కారు నుంచి విప్పిన టర్బో ఒకటి దొరికింది. మెకానిక్ దాని ఇరుసును వేలితో కదిపి చూసి, పనికొస్తుందన్నాడు. పిస్టన్ రింగుల కొసల మధ్య ఉండే సందును చిన్న ఆకురాయితో రుద్ది కాస్త పెద్దది చేశాడు. సందు పెరిగితే ఒత్తిడి కారిపోదా అని నేను వాదనకు దిగాను. టర్బో వేడికి రింగు సాగుతుందని, సాగే చోటు లేకపోతే విరుగుతుందని ఓపిగ్గా చెప్పాడు. గొడవపడటం నా అలవాటు, ఓర్చుకోవడం అతని అలవాటు. హాయిగా గడిచిన నెలలవి.

నా వంతు ల్యాప్‌టాప్. ఇంజన్‌లో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చెప్పే ఫైళ్లు నేనే తయారు చేశాను. ఖరీదైన రేసు పెట్రోలుకు ఒకటి, అది కొనలేమని తేలాక మామూలు బంకు పెట్రోలుకు ఇంకొకటి. ఆఫీసు బుద్ధి ఎక్కడికి పోతుంది? మొదటిదానికి ‘ఫైనల్’ అని, రెండోదానికి ‘ఫైనల్ కొత్తది’ అని, ఊరుకోక మొదటిదాన్నే మళ్లీ సరిదిద్ది ‘ఇదే ఫైనల్’ అని పేర్లు పెట్టాను.

రేసు ఊరికి దూరంగా, వాడకంలో లేని ఒక రన్‌వే మీద. లైటు పడగానే మా కారు దూసుకుపోయింది. సగం దూరంలో ఆమె యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసింది. పక్క కారు వెళ్లిపోయింది. నేను పరుగెత్తుకెళ్లి, ఎందుకు వదిలేశావని అందరి ముందూ కసిరాను.

“దాని గొంతు మారిందండి,” అంది మెల్లగా.

మెకానిక్ స్పార్క్ ప్లగ్ విప్పి వెలుతురుకు పట్టి చూశాడు. మొన మీద సన్నటి వెండి రంగు చుక్కలున్నాయి. పిస్టన్ కరగడం మొదలైతే అలా అంటుకుంటాయట. ఇప్పటికైతే పెద్ద నష్టమేమీ కాలేదని, ఇంకొంచెం తొక్కి ఉంటే ఇంజన్ మిగిలేది కాదని చెప్పాడు. ల్యాప్‌టాప్ తెరిచాను. కారులో ఉన్నది బంకు పెట్రోలు, నేను ఎక్కించిన ‘ఇదే ఫైనల్’ రేసు పెట్రోలు ఫైలు. బంకు పెట్రోలు తట్టుకోలేనంత ముందుగా నిప్పురవ్వ పడింది. సిగ్గుతో చచ్చిపోయాను. తప్పు నాదేనని అక్కడే, కసిరినంత గట్టిగానే చెప్పాను. నేను సరైన ఫైలు ఎక్కించేదాకా ఆమె పక్కనే నిలబడి, పేరు పైకి చదివి చూసుకుంది.

ఒక్కో కారుకు రెండు పరుగులు ఇచ్చారు. రెండోదాంట్లో చివరి గీత దాకా ఆమె కాలు తియ్యలేదు. ఓడిపోయాం, అదీ చాలా తేడాతో. అయినా హెల్మెట్ తీసినప్పుడు ఆమె మొహం చూసి నాకు కడుపు నిండిపోయింది.

ఇంటికి కూడా ఆమే నడిపింది. మెకానిక్ వెనక సీట్లో కునుకు తీశాడు. మణికొండ ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడు, ఇంజన్ చప్పుడు కాసేపు విని నావైపు తిరిగింది.

“ఏమండీ, టర్బో ఒత్తిడి ఇంకొంచెం పెంచితే తట్టుకుంటుందా?”