మాస్టారి వేలు

అతన్ని వీధి మొత్తం బొంగరం అనే పిలుస్తుంది. ఆ పేరు పెట్టింది కట్టుకున్న భార్యే. కుర్చీలో కూర్చున్నవాడి చుట్టూ కత్తెర పట్టుకుని తిరిగే తిరుగుడు ఇంటికొచ్చాక కూడా ఆగదని, కంచం ముందైనా కుదురుగా కూర్చోడని ఆవిడ గోల. రెండు కుర్చీలు, రెండు అద్దాల సెలూన్ అతనిది. రెండో కుర్చీ దగ్గర బావమరిది పనిచేస్తాడు. షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా అదే అద్దం, అదే గోడ. కొన్నాళ్లుగా ఆ గోడ మీదమీదకి వస్తున్నట్టుంది బొంగరానికి. ఊరి నడిబొడ్డున పెద్ద హోటల్ ఉంది, అందులో సెలూన్ ఉంది, అక్కడ చేరాలి. అతని పనికి వంక పెట్టేవాడు లేడు. అడ్డమల్లా ఇంగ్లీషే.

ఆ అడ్డు తొలగించే పని మాస్టారు నెత్తిన వేసుకున్నారు. ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. రోజు విడిచి రోజు పొద్దున్నే గడ్డం గీయించుకోవడానికి వస్తారు. మన బొంగరానికి చిన్న మాటలు ఆనవు కదా! "పెద్ద హోటల్లో పెద్ద మాటలే నడుస్తాయండీ" అని పట్టుబట్టాడు. సరేనని మాస్టారు వచ్చినప్పుడల్లా ఒక బరువైన మాట చెప్పి, అర్థం విప్పి, తల వెనక్కి వాల్చేవారు. కత్తి నడుస్తుండగా బొంగరం ఆ మాటతో వాక్యాలు కట్టాలి. మొదట్లో ఆయన నోటితోనే దిద్దేవారు. నురగ నోట్లోకి పోయింది, ఒకసారి గాటు కూడా పడింది. అప్పట్నుంచి నోరు మూసుకుని చూపుడువేలు ఎత్తడం మొదలుపెట్టారు. వేలు లేచిందంటే ఎక్కడో తప్పుంది, మళ్లీ మొదటినుంచి కట్టుకో. లేవలేదంటే ఒప్పు. అంతకుమించి మెచ్చుకోలు ఉండదు.

ఒకనాటి మాట రిలక్టెంట్. మనసొప్పక వెనకాడే మనిషిని అలా అంటారట. "ఈ గడ్డం రాలిపోవడానికి రిలక్టెంట్‌గా ఉంది" అని ఇంగ్లీషులో కట్టాడు బొంగరం. వేలు లేచింది. నురగ తుడిచాక మాస్టారు, "గడ్డానికి మనసెక్కడిదయ్యా?" అన్నారు. బావమరిది కత్తెర ఆపి మరీ నవ్వాడు.

హోటల్ నుంచి పిలుపొచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని మేనేజర్ ఎదుట కూర్చున్నాడు. ఆ మేనేజర్‌కి చేతులు ఊరుకోవు. మాట మధ్యలో వేలెత్తి చెవి గోక్కుంటాడు, వేలెత్తి తలుపు దగ్గరున్నవాణ్ని పిలుస్తాడు. వేలు లేచినప్పుడల్లా బొంగరం గతుక్కుమని ఆగిపోయాడు. నిక్షేపంలాంటి వాక్యాన్ని విప్పి, మళ్లీ మొదటినుంచి కట్టి, ఉన్న మాటలు కూడా పోగొట్టుకున్నాడు. మేనేజర్ జాలిపడి, "వచ్చేవారం ఇంకొక్కసారి చూస్తాను. అదే ఆఖరు" అన్నాడు.

ఆ వారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. దువ్వెన ఎక్కడ పెట్టాడో తెలియదు, ఎవరి తల ఎంత కత్తిరించాడో తెలియదు. ఎవరిని తిట్టాలి? ఆ వేలు లేకపోతే నేర్చుకునేవాడే కాదు, ఆ వేలు వల్లే నోరు పడిపోయింది. జరిగిందంతా చెబితే మాస్టారు ఊఁ కొట్టి, గడ్డం గీయమని తల వెనక్కి వాల్చారు. ఒళ్లు మండింది బొంగరానికి.

తెల్లారితే హోటల్‌కి వెళ్లాలనగా, మాస్టారు వచ్చి కూర్చున్నారు. "కొత్త మాట వద్దు. రిలక్టెంట్‌తో కట్టు" అన్నారు. బొంగరం కత్తి ఆడిస్తూ, ఈ కుర్చీని వదిలి వెళ్లడానికి నేను రిలక్టెంట్‌గా ఉన్నాను అనే వాక్యం ఇంగ్లీషులో చెప్పాడు. వేలు లేచింది. మళ్లీ కట్టాడు. లేచింది. క్రియ మార్చాడు, మాటలు అటూ ఇటూ జరిపాడు, తిరిగి తిరిగి మొదటి వాక్యానికే వచ్చాడు. మళ్లీ లేచింది.

కత్తి పక్కన పెట్టేశాడు. "లేదు మాస్టారూ! ఇందులో తప్పు లేదు. నాకు నిజంగానే మనసొప్పట్లేదండీ. ఇన్నాళ్లూ పోదాం పోదాం అని గింజుకున్నాను. తీరా పోయే రోజొస్తే ఈ అద్దాన్ని వదలబుద్ధి కావట్లేదు. మీరు వేలు కాదు, చెయ్యెత్తినా ఈ వాక్యం మార్చను!"

మాస్టారు తువ్వాలుతో మూతి మీది నురగ తుడుచుకున్నారు. "తప్పు లేదు. మొదటిసారి చెప్పినప్పుడూ లేదు."

"మరి వేలెందుకెత్తారండీ?"

"రేపు ఆయన ఎత్తుతాడు కదా. కానీయ్, రెండో చెంప మిగిలింది."

మర్నాడు మేనేజర్ వేలు ఎత్తనే ఎత్తాడు. బొంగరం చూపు ఆ వేలి మీదికి పోయింది కానీ, వాక్యం మాత్రం ఆగకుండా చివరిదాకా వెళ్లింది. ఆ వేలు టీ తెమ్మని. రెండు టీలు.

ఉద్యోగంలో చేరడానికి ముందు చివరిసారి మాస్టారికి గడ్డం గీశాడు. హోటల్లో ఏం జరిగిందో మొదటినుంచి చివరిదాకా ఇంగ్లీషులోనే చెప్పాడు. మాటలు తడబడ్డాయి, తప్పులు దొర్లాయి. ఎక్కడెక్కడ దొర్లాయో అతనికే తెలుసు. అలవాటు కొద్దీ ప్రతి తప్పు దగ్గరా కుర్చీ చేతి వైపు చూశాడు.

మాస్టారు కళ్లు మూసుకుని ఉన్నారు. వేలు ఒక్కసారి కూడా లేవలేదు.