రాజేశ్వరి మేడం కాపలా కాసిన రీళ్లు

మొన్న హబ్సిగూడలో నూడుల్స్ బండి దగ్గర నిలబడి ఉంటే, బండి అతను వెనిగర్ సీసా మూత తీశాడు. ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగలగానే నా చేయి దానంతటదే హ్యాండ్‌బ్యాగు జిప్పు మీదికి వెళ్లింది, ఎవరో సోదా చేయబోతున్నట్టు. అంతగా అలవాటు చేశారు రాజేశ్వరి మేడం.

ఆవిడ నా మొదటి అధికారి. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో, ఉప్పల్‌లో ఒక ట్రస్టు నడిపే గ్రంథాలయంలో మైక్రోఫిల్ము విభాగం చూసేవారు. పాత తెలుగు, ఉర్దూ పత్రికల పేజీలను చిన్నచిన్న బొమ్మలుగా ఫిల్ము మీదికి ఎక్కించి, రీళ్లుగా చుట్టి డబ్బాల్లో దాచారు. చదవాలంటే రీలును యంత్రానికి తగిలించి, తెర మీద పెద్దది చేసుకోవాలి. అసలు కాగితాలు ఎప్పుడో పొడి అయిపోయాయి. మిగిలింది ఆ రీళ్లే. పాతబడిన ఫిల్ము వెనిగర్ వాసన కొడుతుంది. అలాంటి డబ్బాలను మేడం విడిగా మరో బీరువాలో పెట్టేవారు. సాయంత్రం నేను ఇంటికి బయలుదేరేటప్పుడు బ్యాగు తెరిపించి చూసేవారు. మొదటి రోజు నాకు ఏడుపొచ్చింది. “ఏడుస్తె ఏడ్వు గని, టిఫిన్ బాక్స్ గూడ తియ్యి” అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, రీళ్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాచారంలో స్కానింగ్ నడిపే శేఖర్‌కు ఇచ్చారు. మాటకారి. విడతలు విడతలుగా రీళ్లు తీసుకెళ్లి, తిరిగి తెచ్చి, చివరికి ఒక హార్డ్‌డిస్కు చేతిలో పెట్టాడు. “ఇగ ఈ పాత ఫిల్ములు మీకెందుకు మేడం? ఊకెనే మా ఆటోల ఏస్కపోత, మీకు జాగ మిగుల్తది” అన్నాడు. ట్రస్టు కార్యదర్శి సంబరపడ్డాడు. మేడం మాత్రం అతను వెళ్లేదాకా ఆగి, “పనికిరాని చెత్తను ఊకెనే ఎవడు మోస్తడు?” అన్నారు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని షేరింగ్ ఆటోలో నాచారం పారిశ్రామికవాడకు వెళ్లారు. రీలు చివర బొమ్మల్లేని నల్లటి ఫిల్ము ముక్క ఒకటి చేతిలో పట్టుకుని పాత సామాను దుకాణాల్లో చూపించారు. రెండు దుకాణాల వాళ్లు తల అడ్డంగా ఊపారు. మూడో అతను వెలుగుకు పెట్టి చూసి, “ఎక్స్‌రే ఫిల్ము లెక్కనే అమ్మా, ఇండ్ల వెండి ఉంటది. ఎంతున్న తీస్కుంటం” అన్నాడు. తిరుగు దారిలో నేను ఉండబట్టలేక అడిగాను.

“నన్నెందుకు తీస్కొచ్చిన్రు మేడం?”

“శేఖర్‌ది నాగారం. నీదీ నాగారమే. మొన్న వాని బండి మీద దిగినవు. మీరిద్దరు ఒకటైతే నీ మొఖంల తెలుస్తదని.”

ఆటో ఆగగానే ఆవిడ కోసం చూడకుండా దిగి, మా ఊరి బస్సు ఎక్కేశాను.

అయినా మర్నాటి నుంచి ఇద్దరం పక్కపక్కనే కూర్చుని, రీలును యంత్రంలో, డిస్కును కంప్యూటర్‌లో పెట్టి పోల్చాం. మొదటి రీళ్లు శుభ్రంగా ఉన్నాయి. లోపలికి వెళ్లేకొద్దీ ఒకే పేజీ పేరు మార్చుకుని పదే పదే వచ్చింది. ఉర్దూ పత్రికల్లోనే ఎక్కువ, ఎవరూ చదవరనుకున్నారేమో. మేడం చిన్నప్పుడు తండ్రి దగ్గర ఉర్దూ నేర్చుకున్నారని వాళ్లకేం తెలుసు!

“మిషన్ గడ్‌బడ్ అయినట్టుంది, మా పిల్లగాండ్లు సూస్కోలే” అన్నాడు శేఖర్. కార్యదర్శేమో మేడం మీదే విసుక్కున్నాడు.

“మీకు ప్రతిదానికీ అనుమానమేనా?”

“అవును సార్. నా పాణమున్నంత కాలం ఈ బీరువ తాళాలియ్య.”

చివరికి శేఖర్ తన యంత్రాన్ని మా గదికే తెచ్చి, ఆవిడ కళ్ల ముందు మళ్లీ స్కాన్ చేయించాడు. రీళ్లు మా దగ్గరే ఉండిపోయాయి. అతను పని ఎగ్గొట్టి, రీళ్లను వెండికి అమ్ముకోవాలనుకున్నాడా, నిజంగా యంత్రమే పాడైందా అన్నది నాకు నేటికీ తెలియదు. మేడంకు మాత్రం ఏ సందేహమూ లేదు. ఆవిడ పదవీ విరమణకు ట్రస్టు ఒక శాలువా కూడా కప్పలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడాది చిల్కానగర్‌లో ఆవిడ ఇంటికి వెళ్లాను. గ్రిల్లు వెనక నుంచే అడిగారు.

“ఎవరు పంపిన్రు?”

“ఎవ్వరు పంపలే మేడం. మిమ్ముల సూడబుద్ధై వచ్చిన.”

నా వెనక ఎవరూ లేరని చూసుకుని తాళం తీశారు. కూర్చోగానే, “రీళ్లున్నయా?” అన్నారు.

“ఉన్నయి.”

“నువ్వు సూసినవా, ఎవరన్న జెప్పిన్రా?”

“పొద్దుగాల నేనే బీరువ తీసి సూసిన మేడం.”

అప్పుడు లేచి చాయ్ పెట్టారు. ఆవిడ చేతి చాయ్ తాగడం నాకదే మొదటిసారి.

ఇప్పుడు ఆ విభాగం నేనే చూస్తున్నాను. ఫోన్లో వార్త వచ్చినా, ఒకరి గురించి మరొకరు చెడుగా చెప్పినా, ‘నువ్వు సూసినవా?’ అన్న ప్రశ్నే నాలో ముందు లేస్తుంది. దానివల్ల మంచివాళ్లు కూడా కొందరు నొచ్చుకున్నారు. అడగడం మాత్రం మానలేకపోతున్నాను. కాకపోతే అడిగేముందే వాళ్లను కూర్చోబెట్టి చాయ్ ఇస్తాను.