అన్నయ్య దిగని సముద్రం

అన్నయ్య నాకంటే ఆరేళ్ళు పెద్ద. మార్టూరు దగ్గర మా పత్తిచేలో అప్పట్లో ఒక దిగుడుబావి ఉండేది. నాకు ఎనిమిదేళ్ళున్నప్పుడు, నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టి అన్నయ్యే నాకు ఈత నేర్పాడు. తను మాత్రం బావి గట్టు మీద నుంచి తలకిందులుగా దూకి మాయమైపోయేవాడు. నేను మెట్ల మీద నిలబడి అంకెలు లెక్కపెట్టేదాన్ని. యాభై దాటితే ఏడుపు మొదలుపెట్టేదాన్ని. పైకి తేలి, ముఖం తుడుచుకుంటూ, "ఏడవమాకే, చేపలు నవ్వుతాయి" అనేవాడు.

తర్వాత చేలో బోరు వేయించారు. బావి ఎండిపోయింది. నేను చదువుకుని అద్దంకిలో టీచరునయ్యాను. అన్నయ్య మాత్రం పంతొమ్మిదో ఏటే గ్రానైటు పాలిషింగ్ ఫ్యాక్టరీలో చేరాడు. పలకల అంచులు మిషనుతో కోసే పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము ఉండేది.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "అమ్మాయ్, ఇది చూడు. నీళ్ళ అడుగున చేపల మధ్య తిరుగుతున్నారు. విశాఖపట్నంలోనే అంట. పడవ కూడా అక్కర్లేదంట, ఒడ్డు నుంచి నడిచి దిగటమే."

"ఈ వయసులో మనకెందుకు అన్నయ్యా?"

"సముద్రం అడుగు ఒక్కసారన్నా చూడొద్దూ? వేసవి సెలవులు వస్తున్నాయిగా, పోదాం పద."

చీరాల వెళ్ళి రైలెక్కాం. దారి పొడుగునా దగ్గుతూనే ఉన్నాడు. "కల్లంలో మిరపకాయలు ఎత్తించి వచ్చా. ఘాటు ఇంకా వదల్లా" అన్నాడు. మా వైపు కల్లాల రోజుల్లో దగ్గని ఇల్లుండదు. నేనూ పట్టించుకోలేదు.

ఆ తీరానికి ఓ పక్క కొండ, ఇంకో పక్క రేవు గోడ అడ్డంగా ఉన్నాయి. అలలు రాకుండా నీళ్ళు చెరువులా నిలిచి ఉన్నాయి. నీళ్ళ అడుక్కి దిగటం నేర్పించే అతనికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చాడు. అన్నయ్యది నేనే చదివాను. ఆయాసం ఉందా, గుండెజబ్బు ఉందా, ఊపిరితిత్తుల జబ్బు ఉందా?

"లేదు, లేదు, అన్నీ లేదనే రాయి" అన్నాడు. రాశాను. సంతకం పెట్టాడు.

నల్లటి బిగుతు దుస్తులు తొడిగి వీపుకు గాలి సిలిండరు కట్టారు. ఇసుకలో ఇరవై అడుగులు నడిస్తే నీళ్ళు. పదో అడుగులోనే అన్నయ్య ఆగిపోయాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. అలాగే కూర్చుండిపోయాడు. నేర్పించే అతను పరుగున వచ్చి సిలిండరు విప్పాడు.

"ఏం పని చేస్తారండి?"

"గ్రానైటు."

"ఎన్నేళ్ళుగా?"

"ఇరవై రెండేళ్ళు."

"డాక్టరుకు చూపించుకున్నారా?"

అన్నయ్య నా వైపు చూడలేదు. "చూపించుకున్నా. రాతిదుమ్ము ఊపిరితిత్తులకు పట్టేసిందన్నారు. ఇంక తగ్గేది కాదన్నారు."

అతను సిలిండరు పక్కన పెట్టాడు. "ఏమీ అనుకోకండి, మిమ్మల్ని దింపలేనండి" అన్నాడు.

"ఇక్కడ పదడుగుల లోతేగా అయ్యా! నలభై అడుగుల బావి అడుగు తాకినోణ్ణి నేను."

"తాకే ఉంటారండి. అయినా దింపలేను."

నేనూ దిగనన్నాను. అన్నయ్యకు కోపమొచ్చింది. "ఇద్దరం ఒడ్డున కూర్చోటానికా ఇంత దూరం వచ్చింది? నువ్వెళ్ళు. చూసొచ్చి నాకు చెప్పు."

వెళ్ళాను. నీళ్ళు మసకగా ఉన్నాయి. చెయ్యి చాపితే వేళ్ళు సరిగా కనపడలేదు. అడుగున ఇసుక, చిరిగిన వల ముక్క, రాయి కిందకు జారుకున్న ఒక చిన్న పీత, అంతే. చెవుల్లో నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అడక్కుండానే గాలి వస్తోంది, పోతోంది. మాస్కు లోపల ఏడుపొచ్చింది. తుడుచుకోవటానికి లేదు. నేర్పించే అతను నేను భయపడ్డాననుకుని చెయ్యి పట్టుకుని పైకి తెచ్చేశాడు.

అన్నయ్య మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చి నిలబడి ఉన్నాడు. "ఏం కనపడ్డాయే?"

"చేపలన్నయ్యా. పసుపుపచ్చవి, నల్ల చారలవి. జొన్నచేను మీద చిలకలు వాలినట్టు గుంపులు గుంపులుగా."

నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి, చాలాసేపు ఆగలేదు.

తిరుగు రైల్లో అడిగాను. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే అక్కడికి రానిచ్చేదానివా?"

"వదినకు తెలుసా?"

"ఏడాది నుంచీ తెలుసు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నా."

రెండు నెలలు వదినతో మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం చెప్పకుండా మార్టూరు వెళ్ళాను. పడుకుంటే అన్నయ్యకు ఊపిరాడటం లేదు. వదిన మంచం మీద కూర్చుని, తన వీపును అన్నయ్య వీపుకు ఆనించి గోడలా ఆసరా ఇస్తోంది. అన్నం కంచం పక్కన ఈగలు ముసురుతున్నాయి. నన్ను చూసి, "కాసేపు నువ్వు కూర్చోమ్మా" అంది. కూర్చున్నాను. నా కోపమేమైందో నాకు తెలియలేదు.

తర్వాత ఇంటికి ఆక్సిజన్ సిలిండరు వచ్చింది. "చూశావా, నీకిచ్చిందే నాకూ ఇచ్చారు" అన్నాడు అన్నయ్య. ఫ్యాక్టరీ వాళ్ళు చూడటానికి వస్తే జబ్బు మాట ఎత్తనిచ్చేవాడు కాదు. "మా చెల్లెలు సముద్రం అడుగుకు దిగొచ్చింది, తెలుసా? నువ్వే చెప్పవే" అనేవాడు. నేను చెప్పేదాన్ని. చెప్పిన కొద్దీ చేపలు పెరిగాయి. ఒకసారి తాబేలు కూడా వచ్చింది. నిజం చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. చెబితే బరువు దిగేది నాకే, అన్నయ్యకు కాదు. చెప్పలేదు.

కార్తీకంలో ఒక పొద్దున వదిన ఫోను చేసింది. నేను ఏడో తరగతిలో దిద్దిన పరీక్ష పేపర్లు ఇస్తున్నాను. "మీ అన్నయ్య లేడమ్మా" అంది. సరేనన్నాను. ఫోను బల్ల మీద పెట్టి మిగిలిన పేపర్లన్నీ పంచేశాను. మార్కులు పైకి చదివాను కూడా. ఆ తర్వాతే చెప్పులు వేసుకుని బస్టాండు వైపు నడిచాను.