నేను పొడిచిన చిల్లు

ఆరో తరగతిలో నేను బడి మానేశానని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ రోజు మా పంతులుగారి మొహంలో వెలుగు చూసినవాళ్ళకు మాత్రం, బడే నన్ను మానేసిందని తెలుసు. అలాంటి నన్ను ఒక కంప్యూటర్‌కు ఆఖరి వైద్యుడిగా పంపారు. వైద్యమంటే విప్పి, ముక్కలు చేసి, లారీకెక్కించడం.

డెబ్బైల నడుమ మాట. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీకి కొత్త కంప్యూటర్ వచ్చింది. పాతది ఇనుప బీరువాలు వరుసగా పేర్చినట్టు హాలంతా ఉండేది. పాత సామాను కొనే సేటు దగ్గర నేను ఫిట్టర్‌ని. పొద్దున్నే పానాలు పట్టుకుని వెళ్ళేసరికి, యంత్రం ముందు స్టూలు మీద ఒకామె కూర్చుని ఉంది. ఒళ్ళో చిన్న గుడ్డమూట.

ఆపరేటర్ గుంటూరు వైపు పెద్దమనిషి. నన్ను పక్కకు పిలిచి సంగతి చెప్పారు. ఆమె భర్త ఈ యంత్రం మీదే పనిచేసి, నాలుగేళ్ళ కింద గుండె ఆగి పోయాడట. ఇంట్లో బిడ్డను పండబెడుతూ తీసే కూనిరాగాన్ని, తీరిక దొరికినప్పుడల్లా యంత్రానికి నేర్పాడట. పనిలో తప్పు జరిగితే కూయడానికి దానికొక చిన్న స్పీకరు ఉంది. దాంతోనే పాడించాడు. రాగమంతా చిల్లులుగా మారి ఒక కాగితపు రీలులో ఉంది. ఆమె దాన్ని ఒక్కసారి కూడా వినలేదు. మధ్యాహ్నం నేను కరెంటు తీగ కోసేస్తే, ఆ రీలును చదివే యంత్రం ఇంకోటి ఆపరేటర్ ఎరుకలో లేదు. అది తెలిసే ఆమె లింగంపల్లి నుంచి మొదటి రైలుకు వచ్చింది.

మూట విప్పగానే నాకు నవ్వాగలేదు. రీలంతా పసుపూ కుంకుమా. భర్త పనిముట్టు గదా అని ఏటా దసరాకు పూజలో పెట్టి బొట్లు పెట్టిందట. నాలుగు దసరాల పసుపు చిల్లుల్లో గట్టిపడిపోయింది. చిల్లులోంచి వెలుతురు పోతేనే యంత్రానికి కనిపిస్తుంది. దేవుడికి కనిపించిందేమో గానీ దీనికి కనపడదమ్మా అన్నాను. ఆమె నవ్వలేదు. చీరకున్న పిన్నీసు తీసి నా చేతిలో పెట్టింది.

కిటికీ దగ్గర కూర్చుని ఇద్దరం ఒక్కో చిల్లూ పొడుచుకుంటూ వచ్చాం. నేను ఆపకుండా ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాను. ఆమె తల ఎత్తలేదు. ఈలోగా ఆపరేటర్ యంత్రాన్ని వేడెక్కించారు. లోపల గాజు వాల్వులు ఎర్రగా వెలిగాయి. దుమ్ము కాలిన వాసన వచ్చింది.

రీలు తిరిగింది. ముక్కుతో పాడినట్టు సన్నటి గొంతు ఆ ఇనుములోంచి వచ్చింది. ఆమె కుడికాలు ఉయ్యాల ఊపినట్టు దానంతటదే కదలడం మొదలుపెట్టింది. సగంలో రాగం తెగింది. మూడు నాలుగు క్షణాలు ఏమీ లేదు. మళ్ళీ అందుకుంది.

ఇంకా ఎక్కడో పసుపు మిగిలిందండీ అన్నారు ఆపరేటర్. చూస్తే అక్కడ కాగితం జానెడు మేర బోడిగా ఉంది. చిల్లులు మూసుకుపోయి ఉంటాయనుకుని, ముందు వరుస చూసి అలాగే నాలుగు పొడిచాను. ఎవరినీ అడగలేదు. రిపేరు చేసేవాడికి ఖాళీ కనబడితే చెయ్యి ఆగదు.

రెండోసారి ఆ చోటుకు రాగానే యంత్రం గొంతు పిసికినట్టు కీచుమంది. ఆమె లేచి నిలబడింది.

"గాడ ఆయన ఆపుతడు," అంది. "పిల్ల పండిందో లేదో వంగి చూస్తడు. పండకుంటే మళ్ల ఎత్తుకుంటడు."

ఆపరేటర్ నల్లకాగితం ముక్క కత్తిరించి, నేను పొడిచిన చిల్లుల మీద బంకతో అంటించారు. ఆరేదాకా ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

మూడోసారి రాగం ఆ చోటికి వచ్చి ఆగింది. ఫ్యాను చప్పుడొకటే. ముగ్గురం ఒకేసారి యంత్రం పక్కనున్న ఖాళీ మూలకు చూశాం. ఎందుకు చూశామో నాకు ఇప్పటికీ తెలియదు. పట్టపగలు, కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. అక్కడ ఎవరో వంగి ఉన్నారనిపించింది. ఆమె ఊపిరి బిగబట్టింది. రాగం మళ్ళీ మొదలైంది.

తీగ కోసేదాకా ఆమె వెళ్ళలేదు. అన్నీ విప్పాను గానీ స్పీకరు జోలికి ఆఖరున పోయాను.

గేటు దాకా సాగనంపుతూ, నా సిగ్గు దాచుకోవడానికి మళ్ళీ వాగాను. "ఏందమ్మా, పొద్దంత పసుపు గీకితే మీ సారు నడుమల ఊకనే ఉండె గద."

ఆమె మూట చంకన సర్దుకుని నా వైపు తిరిగింది.

"పొద్దుగాల నుంచి నీ నోరు ఒక్క నిమిషమన్న మూతవడ్డదా తమ్మీ? ఆయన నాకు కనవడ్డదే గా ఊకున్న జాగల. నువ్వు గాడ గూడ మాట్లాడవడితివి."